శాడిల్ వేట: చలి బట్టలు కింద వేసుకోవాలా, చెట్టెక్కాక వేసుకోవాలా?

మా ఊళ్లో కల్లు గీసే తాత తాటిచెట్టు ఎక్కుతుంటే చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసేవాళ్లం. నడుముకు మోకు, కత్తులు, లొట్టి. ఒంటి మీద గుడ్డ ఎంత తక్కువుంటే ఆయనకు అంత సుఖం. ఇప్పుడు నేను మిషిగన్‌లో నవంబరు తెల్లవారుజామున దాదాపు అదే పని చేస్తున్నాను. జింక వేట కోసం నడుముకు తాడు చుట్టుకుని చెట్టెక్కుతున్నాను. కాకపోతే నాతో పాటు ఓ బస్తాడు బట్టలు కూడా ఎక్కాలి. ఆ బస్తా ఎక్కడ విప్పాలి అన్నదే కొత్తగా శాడిల్ (చెట్టుకు వేలాడుతూ వేటాడే ఉయ్యాల) కొన్న ప్రతివాడికీ వచ్చే మొదటి తలనొప్పి.

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం కాబట్టి మనలో చాలామందికి ఈ విద్య అమెరికా వచ్చాకే మొదలవుతుంది. ఇంట్లో నేర్పేవాళ్లు ఉండరు. ఆఫీసులో పక్క సీటాయన ఒకటి చెబుతాడు, షాపులో కుర్రాడు ఇంకోటి చెబుతాడు, చివరికి క్రెడిట్ కార్డు మూడోది చెబుతుంది. నేను నాలుగు పద్ధతులూ చేసి చూశాను. ఏది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ దెబ్బతింటారో రాస్తున్నాను.

శాడిల్‌లో బట్టల సమస్య వేరు

ట్రీ స్టాండ్ అంటే మన జొన్నచేలో మంచె లాంటిది. మంచె మీద కూర్చున్నవాడు లేస్తాడు, స్వెటర్ తొడుక్కుంటాడు, మళ్లీ కూర్చుంటాడు. సేఫ్టీ బెల్టు ఒక్కటి చూసుకుంటే చాలు. శాడిల్‌లో ఆ సౌకర్యం లేదు. తుంటినీ తొడలనూ పట్టి ఉంచే బట్ట ఉయ్యాల అది. రెండు తుంటి వైపుల నుంచీ ముందుకు వచ్చే పొట్టి తాడు బ్రిడ్జి. చెట్టు చుట్టూ తల ఎత్తులో బిగించిన తాడు టెదర్. రెండింటినీ ఒక కారాబినర్ (మూసుకునే లోహపు కొక్కెం) కలుపుతుంది. కాళ్ల కింద పెద్ద పళ్లెమంత ప్లాట్‌ఫామ్. ముఖం చెట్టు వైపు, బరువంతా తాడు మీద.

దీంతో నడుము దగ్గర ఒక సరిహద్దు పడుతుంది. శాడిల్ కింద ఏముందో అది నేల మీదే తేలిపోవాలి. ప్యాంటు, బిబ్స్ (భుజాల మీద పట్టీలుండే మందపాటి ప్యాంటు), లోపలి బట్టలు, ఇవేవీ పైన మార్చలేరు. మార్చాలంటే శాడిల్ వదులు చేయాలి. ఇరవై అడుగుల ఎత్తులో ఆ పని చేయకూడదు. నేను మొదటి సీజన్‌లో బిబ్స్ పైకి లాక్కోవాలని నడుము బకిల్ కాస్త వదులు చేశాను. ఏమీ కాలేదు. కానీ ఆ అర నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ అరచేతులు చెమటపడతాయి. నడుము పైన ఉన్నవి మాత్రం తాడు మీద వేలాడుతూనే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా ఎంపిక సగం తేలికవుతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు నడక. కారు నుంచి చెట్టుకు ఎంత దూరం? వీపు మీద స్టిక్కులు (చెట్టుకు కట్టుకుని ఎక్కే మెట్లు), ప్లాట్‌ఫామ్, విల్లు మోస్తూ మైలు నడిస్తే సున్నా చలిలో కూడా చెమట పట్టి తీరుతుంది. నీళ్లు ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. అంటే నడకలో తడిసిన బనియన్, చెట్టు మీద కదలకుండా వేలాడే నాలుగు గంటలూ మిమ్మల్ని చల్లబరుస్తూనే ఉంటుంది. "నాకు చలి ఎక్కువ" అనేవాళ్లలో చాలామందికి నిజానికి పట్టేది చెమట ఎక్కువ.

రెండోది గాలి. చెట్టు మీద గాలికి అడ్డం ఉండదు. అమెరికా వాతావరణ శాఖ విండ్ చిల్ పట్టిక ప్రకారం 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో గంటకు 10 మైళ్ల గాలి వీస్తే ఒంటికి 9 డిగ్రీలుగా తగులుతుంది. మన లెక్కలో మైనస్ 7 కాస్తా మైనస్ 13 అయినట్టు. మందపాటి స్వెటర్ మీద స్వెటర్ వేసినా గాలి ఆపే పొర ఒక్కటి లేకపోతే లాభం లేదు.

మూడోది బ్రిడ్జి తాడు. జాకెట్ అంచు పొడుగ్గా ఉంటే అది బ్రిడ్జి కింద ఇరుక్కుంటుంది, లేదా తాడు మీద కుప్పగా పడి కారాబినర్‌ను కప్పేస్తుంది. కట్టు కంటికి కనబడకపోవడం మంచిది కాదు. నడుము దగ్గర ఆగే పొట్టి జాకెట్, లేదా కింది నుంచి కూడా తెరుచుకునే జిప్పు ఉన్నది చూసుకోండి.

నాలుగోది విల్లు. ఎడమ చేతి స్లీవు ఉబ్బుగా ఉంటే వదిలిన తాడు దానికి తగిలి బాణం దారి తప్పుతుంది. షాపులో జాకెట్ వేసి చూసినప్పుడు చేతులు ఊపి చూడటం కాదు, విల్లు లాగే భంగిమ పెట్టి చూడాలి. ఇంకా నయం, ఇంటి వెనక అన్నీ వేసుకుని ఓ పది బాణాలు వేసి చూడండి.

చివరగా చప్పుడు. వెల్క్రో, గరగరలాడే నైలాన్, ఇనుప హుక్కులు. చెట్టు మీద జాకెట్ తొడుక్కునేటప్పుడు జింకకు వినబడేది ఇదే.

నాలుగు పద్ధతులు

| పద్ధతి | చెమట | పైన కదలిక | మోసే సరుకు | ఖర్చు |
|---|---|---|---|---|
| కారు దగ్గరే అన్నీ వేసుకోవడం | చాలా ఎక్కువ | దాదాపు లేదు | వీపు మీద తక్కువ | ఉన్నవాటితోనే |
| చెట్టు మొదట్లో అన్నీ వేసుకోవడం | ఎక్కేటప్పుడు కొంచెం | తక్కువ | ఎక్కువ | ఉన్నవాటితోనే |
| కింది సగం మొదట్లో, పై సగం చెట్టు మీద | తక్కువ | ఎక్కువ | ఎక్కువ | మధ్యస్థం |
| ఒకే పెద్ద బాడీ సూట్ | తక్కువ | ఒక్కసారే, కానీ పెద్దది | బాగా ఎక్కువ | ఎక్కువ |

*కారు దగ్గరే అన్నీ.* అందరూ దీన్ని తిట్టిపోస్తారు. నేనంత తిట్టను. పొలం పక్కనే కారు ఆపి రెండు వందల గజాలు నడిచేవాళ్లకు, స్టిక్కులు ముందే చెట్టుకు కట్టి ఉన్నవాళ్లకు ఇదే సుఖం. చీకట్లో బట్టలు వెతుక్కునే పని ఉండదు. అంతకు మించి నడక ఉంటే మాత్రం వద్దు. నా మొదటి నవంబరులో ఒక స్టేట్ ల్యాండ్‌లో (ప్రభుత్వ భూమిలో) మైలు దూరం బిబ్స్, పార్కా (మందపాటి చలికోటు) అన్నీ బిగించుకుని నడిచాను. చెట్టు దగ్గరికి చేరేసరికి వీపు ఇడ్లీ పాత్రలా ఆవిరి కక్కుతోంది. ఎనిమిదిన్నరకు పళ్లు కొట్టుకుంటుంటే దిగేశాను. కింద తాడు చుడుతుంటే నేను ఎదురుచూసిన దారిలోనే ఒక మగ జింక తీరిగ్గా నడుచుకుంటూ పోయింది.

*చెట్టు మొదట్లో అన్నీ.* పల్చటి బట్టలతో నడిచి, చెట్టు కింద ఓ పది నిమిషాలు ఆగి ఒళ్లు ఆరాక, తడిసిన బనియన్ మార్చి, అన్నీ వేసుకుని, ఆ పైన శాడిల్ బిగించి ఎక్కడం. సురక్షితం, పైన కదలాల్సింది లేదు. కానీ ఎక్కడం కూడా కష్టమే కదా. ఒక్కో స్టిక్కూ కట్టుకుంటూ ఇరవై అడుగులు ఎక్కేసరికి పార్కా లోపల మళ్లీ చెమట. పైగా ఉబ్బు జాకెట్‌తో లైన్‌మన్ తాడు (ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నడుము నుంచి చెట్టు చుట్టూ తిప్పుకునేది) సర్దుకోవడం చిరాకు. ఇంకో చిక్కు, చెట్టు కింద పది నిమిషాలు తిరిగితే మీ వాసన అక్కడే మిగులుతుంది. అయినా ఎత్తంటే ఇంకా భయం పోని కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే. మొదటి ఏడాది తాళ్ల మీద ధ్యాస ఉంటే చాలు, బట్టల మీద వద్దు.

*కింది సగం మొదట్లో, పై సగం చెట్టు మీద.* నేను స్థిరపడింది దీని దగ్గరే. చెట్టు మొదట్లో బిబ్స్ వేసుకుంటాను. తొడల పక్క జిప్పులు పూర్తిగా తెరిచి ఎక్కుతాను, పైకి వెళ్లాక మూసేస్తాను. బిబ్స్ కొనేటప్పుడు ఈ పొడుగు జిప్పులు తప్పకుండా చూడండి, బూట్లు విప్పకుండానే వేసుకోవచ్చు. పైన ఒంటికి బేస్ లేయర్ (ఒంటికి తగిలే లోపలి పొర), పల్చటి ఫ్లీస్ (నూగు బట్ట స్వెటర్) మాత్రమే. టెదర్ బిగించి, సామాను సర్ది, ఒళ్లు చల్లబడటం మొదలైన క్షణంలో పఫర్ (లోపల నింపిన ఉబ్బు జాకెట్), దాని మీద గాలి ఆపే షెల్ (పల్చటి పై జాకెట్). చలి పట్టే దాకా ఆగకూడదు. ఒకసారి వణుకు మొదలైతే ఎంత బట్ట కప్పినా వేడి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది.

దీనిలో ఒక మెలిక ఉంది. పైన వేసుకునేవి ముందు జిప్పు ఉన్నవే కావాలి. తల మీదుగా తొడుక్కునేవి వద్దు. రెండు చేతులూ ముఖమూ బట్టలో చిక్కుకుని గాల్లో వేలాడుతూ తడుముకోవడం ఎవరికీ ఇష్టముండదు. ఒక చెయ్యి తొడిగి, వీపు వెనక నుంచి తిప్పి, రెండో చెయ్యి తొడగాలి. టెదర్‌లో వదులు లేకుండా బరువు తాడు మీదే ఉంచాలి. ఈ మొత్తం తంతు తెల్లవారకముందే అయిపోవాలి. మిషిగన్‌లో జింక మీద బాణం వేయడానికి సూర్యోదయానికి అరగంట ముందు నుంచీ అనుమతి ఉంటుంది కాబట్టి, ఆ వేళకు మీరు కదలకుండా ఉండేలా ఇంటి నుంచి బయల్దేరండి.

*బాడీ సూట్.* దుప్పటి సంచి లాంటిది. చుట్టి మోసుకెళ్లి, చెట్టెక్కాక ఒంటి మీదికి లాక్కుని జిప్పు వేసుకుంటారు. బాణం వేసే ముందు జిప్పు లాగితే భుజాల మీద నుంచి జారిపోతుంది. ట్రీ స్టాండ్‌లో కూర్చునేవాళ్లకు ఇది దేవుడిచ్చిన వరం. శాడిల్‌లో మాత్రం నాకు నచ్చలేదు. సూట్ శాడిల్ మీదుగా రావాలి, బ్రిడ్జి మాత్రం ముందు నుంచి బయటికి రావాలి. ఈ రెంటికీ పొత్తు కుదరడం కష్టం. చిన్న ప్లాట్‌ఫామ్ మీద సంచిలో కాళ్లు దూర్చడం ఇంకో సర్కస్. రోజంతా కూర్చోవాల్సిన డిసెంబరు వేటకు నేనైతే శాడిల్ ఇంట్లో పెట్టి, స్టాండూ సూటూ తీసుకుని పోతాను.

బ్యాటరీతో వేడెక్కే వెస్ట్ (చేతుల్లేని కోటు) గురించి అడుగుతారు. అది పద్ధతి కాదు, తోడు. పై సగం పొరల్లో ఒకటి తగ్గించుకోవచ్చు, విల్లు లాగే చేతికి ఉబ్బు తగ్గుతుంది. కానీ చలిలో లిథియం బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, కాబట్టి దాన్నే నమ్ముకుని పఫర్ ఇంట్లో వదిలేయకండి. బ్యాటరీ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచండి.

ఏ పొరకు ఏ బట్ట

కాటన్ వద్దు, జీన్స్ అసలే వద్దు. ఒంటికి తగిలే పొరకు మెరినో ఊలు, పాలిస్టర్ రెండూ పనిచేస్తాయి. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది, చవక, కానీ రెండో రోజుకే కంపు కొడుతుంది. మెరినో తడిసినా వెచ్చగా ఉంటుంది, వాసన పట్టదు, ధర మాత్రం ఎక్కువ. ఎక్కువ నడిచేవాళ్లు పాలిస్టర్‌తో నడిచి, చెట్టు దగ్గర పొడి మెరినోలోకి మారడం మంచి రాజీ. సంచిలో ఓ పొడి బనియన్ అంటే పెద్ద బరువేమీ ఉండదు, అది ఇచ్చే సుఖం మాత్రం పార్కా ఇవ్వదు.

తుంటి కింద డౌన్ (మెత్తటి పక్షి ఈకలు) నింపిన ప్యాంటు కొంటే డబ్బు దండగ. వెచ్చదనం ఈకల మధ్య చిక్కిన గాలిలో ఉంటుంది. శాడిల్ ఆ గాలినంతా నొక్కేస్తుంది. అందుకే చాలామందికి కూర్చునే చోటే మొదట చలి ఎక్కుతుంది. నడుము కింద మందపాటి ఊలు, ఫ్లీస్ లాంటి నొక్కినా చావని బట్టలు ఉండాలి. డౌన్ పై సగానికి ఉంచుకోండి, వాన ఉన్న రోజు సింథటిక్ పఫర్‌కు మారండి. తడిసిన డౌన్ ముద్దవుతుంది.

కాళ్ల సంగతి. ప్లాట్‌ఫామ్ లోహం, చలిని నేరుగా అరికాలికి పంపుతుంది. దాని మీద పాత కార్పెట్ ముక్క అతికిస్తే చలీ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. మందపాటి ఇన్సులేటెడ్ బూట్లతో మైలు నడిస్తే లోపల సాక్సులు తడుస్తాయి, చెట్టు దగ్గర పొడి సాక్సులు మార్చుకోండి. కాస్ట్‌కో మెరినో సాక్సులు చాలు, బ్రాండు పిచ్చి అక్కర్లేదు. బూట్ల మీద తొడిగే కవర్లు కొందరికి బాగా పనిచేస్తాయి కానీ, మెత్తటి కవరుతో ప్లాట్‌ఫామ్ అంచు మీద పాదం తిప్పినప్పుడు పట్టు జారుతుంది. నాకది భయం.

చేతులకు మందపాటి గ్లోవ్స్ కంటే, పల్చటి గ్లోవ్స్‌తో పాటు పొట్టకు కట్టుకునే మఫ్ (రెండు చేతులూ దూర్చుకునే వెచ్చటి గొట్టం సంచి) మేలు. దాన్ని బ్రిడ్జికి పైన వచ్చేలా కట్టుకోండి. లోపల వేసే హ్యాండ్ వార్మర్ (చేతులు వెచ్చబెట్టే చిన్న పొట్లం)లోని ఇనుప పొడి గాలితో కలిసి తుప్పు పట్టడం వల్ల వేడెక్కుతుంది, కాబట్టి గాలాడని చోట అది మొద్దుబారిపోతుంది. బూటు లోపల వేస్తే పనిచేయలేదని తిట్టుకునేవాళ్లకు కారణం ఇదే.

ఉతికే సబ్బు మాట ఒకటి. జింకలకు ఎరుపు, నారింజ రంగులు సరిగ్గా తెలియవు, నీలం వైపు మాత్రం మనకంటే బాగా కనబడుతుంది. బట్టలు తళతళలాడించే డిటర్జెంట్ ఆ వైపే మెరుస్తుంది. ఖరీదైన కామో (అడవిలో కలిసిపోయే మచ్చల బట్టలు) కొని మామూలు సబ్బుతో ఉతకడం అంటే పట్టుచీర కట్టి బురదలో కూర్చున్నట్టు.

సామాను: సంచిలోనా, పట్టీ మీదా, నడుముకా?

తీసిన జాకెట్, వేసుకోబోయే జాకెట్, విల్లు, రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం), నీళ్లు, ఫోను. శాడిల్‌లో ఒళ్లో పెట్టుకునే వీలు లేదు, పక్కన పెట్టే చోటు లేదు. చేతిలోంచి జారింది ఇరవై అడుగులు పోతుంది.

| ఎక్కడ | బలం | బలహీనత |
|---|---|---|
| చెట్టుకు వేలాడే బ్యాక్‌ప్యాక్ | బట్టలన్నీ ఒకే చోట | జిప్పు చప్పుడు, చీకట్లో తడుములాట |
| చెట్టు చుట్టూ హుక్కుల పట్టీ | ప్రతి వస్తువుకూ తెలిసిన చోటు | కట్టడానికి సమయం, హుక్కులు మోగుతాయి |
| శాడిల్ పక్క పౌచులు | ఎక్కేటప్పుడు చేతికందుతాయి | తుంటి వెడల్పవుతుంది, మఫ్‌కు అడ్డం |

నా దగ్గర మూడూ ఉన్నాయి, మూడూ కావాలి. పౌచుల్లో ఎక్కడానికి, దిగడానికి కావలసిన తాళ్లు తప్ప ఇంకేమీ పెట్టను. పట్టీ మీద చేతికి తరచూ అవసరమైనవి. సంచిలో బట్టలు. సంచి సర్దేటప్పుడు ముందుగా వేసుకునేది పైన ఉండాలి. చెప్పడానికి చిన్న విషయమే, చీకట్లో షెల్ కోసం పఫర్ తీసి పంటి కింద పట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

కుడిచేత్తో తాడు లాగేవాళ్లకు ఎడమ వైపు బాణం వేయడం తేలిక. కాబట్టి ఎడమ వైపు ఖాళీగా ఉంచి, సంచినీ ఉబ్బు వస్తువులనూ కుడి వైపు వేలాడదీయండి. విల్లు మాత్రం ఎడమ చేతికి, ఛాతీ ఎత్తులో. ఎడమచేతివాళ్లు దీన్ని తిరగేసుకోవాలి. ఇనుము ఇనుముకు తగిలే చోటల్లా బట్ట టేపు చుట్టండి. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకండి, పైకి వెళ్లాక సన్నటి తాడుతో లాక్కోండి. తుపాకీ అయితే గుళ్లు తీసేసి, మూతి నేల వైపు ఉండేలా కట్టాలి.

మీరు ఎవరు?

మొదటి సీజన్ వాళ్లు: చెట్టు మొదట్లో అన్నీ వేసుకోండి, పదిహేను అడుగులు దాటకండి, రెండు గంటలు కూర్చుని దిగండి. శాడిల్ ఇంటి వెనక చెట్టుకు మోకాలెత్తులో కట్టి అక్కడే జాకెట్ వేసి తీయడం సాధన చేయండి. పక్కింటివాళ్లు చూసి నవ్వితే నవ్వనివ్వండి.

పబ్లిక్ ల్యాండ్‌లో మైలు నడిచేవాళ్లు: సగం సగం పద్ధతి. నడిచేటప్పుడు కొద్దిగా చలేస్తూ ఉంటేనే సరైన బట్ట వేసుకున్నట్టు.

అక్టోబరు సాయంత్రాలు మాత్రమే వెళ్లేవాళ్లు: 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజుల్లో ఇంత యాగీ అక్కర్లేదు. ఒక ఫ్లీస్, ఒక గాలి షెల్ సంచిలో పడేయండి. పొద్దు కుంగాక చలి దిగడం వేగంగా ఉంటుంది, ఆ షెల్ అప్పుడు అక్కరకొస్తుంది.

నవంబరులో జతకట్టే కాలంలో పొద్దంతా కూర్చునేవాళ్లు: పొద్దున గడ్డకట్టే చలి, మధ్యాహ్నం ఎండ, మళ్లీ చలి. నడుము కింద మధ్యస్థంగా వేసుకుని, తేడా అంతా పై సగంతో సర్దుకోవాలి. ఎండ వేళ పఫర్ తీయకపోతే మళ్లీ చెమట కథ మొదటికొస్తుంది. మూత్రానికి ముందు జిప్పున్న బిబ్స్, సంచిలో మూతి వెడల్పు సీసా ఉంచుకోండి. అడగడానికి మొహమాటపడతారని నేనే చెబుతున్నాను.

గన్ సీజన్‌లో వెళ్లేవాళ్లు: మిషిగన్‌లో నవంబరు 15న మొదలవుతుంది. ఒంటి మీది నారింజ రంగు మిగతా వేటగాళ్లకు అన్ని వైపుల నుంచీ కనబడాలి. విస్కాన్సిన్‌లో నడుము పైన బయటి బట్టలో కనీసం సగం నారింజ ఉండాలి, 2016 నుంచి మెరిసే గులాబీ రంగు కూడా చెల్లుతుంది. పైన పొరలు మార్చేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. ఫ్లీస్ మీద నారింజ వెస్ట్ వేసి నడుస్తారు, చెట్టెక్కాక దాని మీద కామో పార్కా తొడుగుతారు, వెస్ట్ లోపల దాక్కుంటుంది. పార్కా మీద పట్టేంత వదులైన వెస్ట్ కొని, ప్రతి పొర మార్పులోనూ దాన్ని చివర్న మళ్లీ పైకి తెచ్చుకోండి.

దిగేటప్పుడు క్రమం తిరగేయాలి. ముందు పై పొరలు విప్పి సంచిలో పెట్టండి, ఎందుకంటే దిగడమూ కష్టమే, ఆ తర్వాత నడకా ఉంది. విల్లునూ సంచినీ తాడుతో కిందికి దించండి. లైన్‌మన్ తాడు చెట్టు చుట్టూ తిప్పి బిగించి, రెండుసార్లు చూసుకుని, అప్పుడు టెదర్ విప్పండి.